జబ్బు లెక్క తీసేశాకే ప్రాజెక్టు నిలబడింది: ఒక బీటెక్ బ్యాచ్, ఒక ఊరి నల్లా నీళ్లు

ఊరి పేరు, కాలేజీ పేరు, పిల్లల పేర్లు రాయట్లేదు, దక్షిణ తెలంగాణలో ఒక మండలం అనుకోండి చాలు. నేను సివిల్ డిపార్ట్‌మెంట్‌లో ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ చూస్తా. ఇన్నేళ్లలో సాఫీగా జరిగిపోయిన ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి, వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. ఇది మాత్రం దాదాపు మొత్తం పాడైంది, అందులో సగం తప్పు నాదే, చివరికి మేం మొదట దేన్ని కొలుద్దామనుకున్నామో దాన్నే వదిలేసుకుంటే గానీ గాడిన పడలేదు. అందుకే రాస్తున్నా.

మా దగ్గర సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క. మూడో ఏడాది మినీ ప్రాజెక్టు, నాలుగో ఏడాది మేజర్ ప్రాజెక్టు, నలుగురికి ఒక బ్యాచ్, అందులో ఒకరు పని చేస్తారు, ఇద్దరు పీపీటీ చేస్తారు, నాలుగోవాళ్లు స్పైరల్ బైండింగ్ చేయించుకొస్తారు. నిజంగా రీసెర్చ్ మీద మనసున్న పిల్లలకి బయట దారులు లేకపోలేదు, సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్ ఉంది, ఐఐటీల్లో సమ్మర్ ఇంటర్న్‌షిప్పులు ఉన్నాయి, మెడికల్ వైపైతే దేశపు వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ 1979 నుంచీ నడుస్తోంది, ఎంబీబీఎస్ చదువుతూనే రెండు నెలల్లో ఒక చిన్న స్టడీ చేసుకోవచ్చు. చిక్కేంటంటే నీళ్లు, ఆరోగ్యం కలిసే చోట ఈ రెండు రకాల పిల్లలూ ఒకరికొకరు ఎదురుపడరు. మావాళ్లకి నీళ్లలో బ్యాక్టీరియా సుమారుగా ఎంతుందో చెప్పే ఎంపీఎన్ టేబుల్ చూడటం వచ్చు, ఒక ఇంటికెళ్లి తల్లిని ప్రశ్న ఎలా అడగాలో రాదు. మెడికోలకి అడగడం వచ్చు, పైపులో నీళ్లు ఎటునుంచి ఎటు పోతాయో పట్టదు.

ఆ అమ్మాయి నా దగ్గరికి మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లో వచ్చింది. ఎమ్మెస్‌కి అమెరికా అప్లై చేయాలి, ప్రొఫైల్‌లో రీసెర్చ్ ఉండాలి, అందులో దాచుకోవాల్సిందేం లేదు, చాలామంది అలాగే వస్తారు. టైటిల్ కూడా రెడీ చేసుకునే వచ్చింది. తాగునీటి నాణ్యతకీ పిల్లల విరేచనాలకీ సంబంధం కనిపెట్టడం, పైన మెషీన్ లెర్నింగ్‌తో ప్రిడిక్షన్. వాళ్ల అమ్మమ్మ ఊరు, చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడల్లా కడుపునొప్పి వచ్చేదట, అక్కడ మొదలైంది ఆలోచన. అంతకుముందు ఫ్లోరైడ్ అనుకుందట. ఫ్లోరైడ్ వద్దన్నాను. మన వైపు పాత కథే అది, నెల్లూరు జిల్లా వైపు నుంచి 1937లోనే రిపోర్టు అయింది, పటిక-సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పడింది, కానీ 2016లో మిషన్ భగీరథ పథకం మొదలైనప్పట్నుంచి ఊళ్లకి నది నీళ్లు శుద్ధి చేసి పైపులో పంపుతున్నారు, బోరు నీళ్లకి పెట్టుకున్న ప్రశ్నని పట్టుకొచ్చి ఈ నీళ్ల మీద పెడితే అతకదు. నీళ్ల సోర్స్ మారితే ప్రమాదం కూడా వేరే రూపంలో వస్తుంది. ప్లాంటులో శుభ్రంగా బయల్దేరిన నీళ్లు దారిలో ఏమవుతాయి అన్నది అడగదగ్గ ప్రశ్న అన్నాను. ఇక్కడిదాకా నేను చెప్పింది కరెక్టే. విరేచనాల సంగతి మాత్రం ఉంచుకో అన్నా, ఎందుకంటే టైటిల్‌లో పిల్లల ఆరోగ్యం ఉంటే రివ్యూలో బాగుంటుందని. అది తప్పు, పైగా కక్కుర్తి తప్పు.

మొదటి ప్రయత్నం

నలుగురూ ఫోన్‌లో గూగుల్ ఫామ్ పెట్టుకుని 42 ఇళ్లు తిరిగారు. మీ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలున్నారా, గత రెండు వారాల్లో విరేచనాలయ్యాయా, ఏ నీళ్లు తాగుతారు. సర్పంచ్ గారికి చెప్పే వెళ్లారు, ఆయన మర్యాదకి వెంట ఒక మనిషిని పంపాడు, పంచాయతీ మనిషి. ఫలితం ఏంటంటే 42 ఇళ్లలో ఒక్క పిల్లాడికి కూడా విరేచనాలు లేవు, అందరూ నల్లా నీళ్లే తాగుతారు. డేటా ఎక్సెల్‌లో చూసి ఆ అమ్మాయి నీరుగారిపోయింది. నేనేమో చూడగానే ఇది డేటా కాదు మర్యాద అనుకున్నా, పంచాయతీ మనిషి పక్కన నిలబడి ఉంటే పంచాయతీ నీళ్లు బాలేవని ఎవరంటారు? ఆ సాయంత్రం అమ్మమ్మగారి అరుగు మీద కూర్చుంటే పక్కింటి పెద్దావిడ తేల్చేసింది, "అట్ల కాయితం పట్టుకోని అడిగితే ఎవలు చెప్తరు బిడ్డా, పోరగానికి మొన్ననే పోయినయి, ఆయన ముంగట ఎట్ల చెప్తది" అని. ఇంకోమాట కూడా అంది, తాగేది నల్లా నీళ్లు కాదు క్యాన్ నీళ్లు అని. ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంది, ఐదో పదో ఇస్తే 20 లీటర్ల క్యాన్. నల్లా నీళ్లు వంటకీ గిన్నెలకీ స్నానానికీ. అంటే నల్లా నీళ్లకీ విరేచనాలకీ సంబంధం అని మేం గీసుకున్న బాణం మొదట్లోనే తెగిపోయింది, ఎందుకంటే సగం ఇళ్లలో ఆ నీళ్లు ఎవరి గొంతులోకీ నేరుగా దిగట్లేదు.

అసలు పెద్ద తప్పు దీనికంటే ముందే జరిగిపోయింది. దగ్గర్లోని ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్పే ఒక డాక్టర్ నాకు పరిచయం, ఈ ఫామ్ చూపించి ఏమంటారన్నా. ఆవిడ ఫామ్ చదవనుకూడా లేదు, "ఎథిక్స్ క్లియరెన్స్ ఏదండీ?" అంది. నిజమే. మనుషుల్ని వాళ్ల జబ్బుల గురించి అడగడమంటే మనుషుల మీద పరిశోధన, ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం కమిటీ చూడాలి, తెలుగులో రాసిన కన్సెంట్ ఉండాలి, చెప్పను అనే హక్కు ఉందని అడిగే ముందే చెప్పాలి. మా ఇంజనీరింగ్ కాలేజీల్లో కాంక్రీటు క్యూబులు పగలగొడతాం, క్యూబుకి కన్సెంట్ అక్కర్లేదు, అందుకే ఆ ఆలోచనే రాదు. ఆ 42 ఇళ్ల డేటా మొత్తం డిలీట్ చేయించాను. వాడుకోకుండా పక్కన పెట్టొచ్చు కదా అని ఒకబ్బాయి అడిగాడు, పక్కన పెట్టిందేదైనా నాలుగు నెలల తర్వాత రిపోర్టులో పేజీలు తక్కువైనప్పుడు మెల్లగా లోపలికొచ్చేస్తుంది, నాకు తెలుసు.

రెండో దెబ్బ

దీనికి సమాంతరంగా నీళ్ల శాంపిల్స్ కూడా నడిచాయి. ట్యాంకు దగ్గర, మూడు నల్లాల దగ్గర, ఆరు ఇళ్ల బిందెల్లోంచి తీసి, ఐస్ బాక్స్‌లో పెట్టి, బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి ల్యాబ్‌కి తెచ్చి ఎంపీఎన్ పెట్టారు. బ్యాక్టీరియా ఉంటే ట్యూబులో గ్యాస్ రావాలి, ఒక్క ట్యూబులో కూడా రాలేదు. అన్నీ క్లీన్. అదే బిందెల నీళ్లని అక్కడే హెచ్‌టూఎస్ సీసాల్లో కూడా పోశారు. తెలియనివాళ్లకి, 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే తయారుచేసిన చౌక పరీక్ష అది, చిన్న సీసాలో మందు పూసిన కాగితం, నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు ఉంచితే మలం తాలూకు బ్యాక్టీరియా ఉన్న నీళ్లు నల్లగా మారతాయి. ఆరు బిందెల్లో మూడు నల్లబడ్డాయి.

సీసా నల్లగా ఉంది, ల్యాబ్ సున్నా అంటోంది. పిల్లలు వెంటనే ల్యాబ్ రిజల్టే నమ్మారు, సీసా చౌకది కదా. నేను కూడా ఒక రోజంతా అలాగే అనుకున్నా, ఆ పరీక్ష బోరు నీళ్లలో సల్ఫైడ్ ఉన్నా నల్లబడుతుంది కాబట్టి. కానీ ఇవి బోరు నీళ్లు కాదే. అప్పుడు ఆ అమ్మాయిని పిలిచి శాంపిల్ సీసాలు ఎలా రెడీ చేశారో మొదట్నుంచీ చెప్పు అన్నాను. కడిగాం, ఆటోక్లేవ్ చేశాం, అంతే మేడం. సోడియం థయోసల్ఫేట్? ముఖం చూసి అర్థమైంది. క్లోరిన్ ఉన్న నీళ్లని బ్యాక్టీరియా పరీక్షకి తీసేటప్పుడు సీసాలో ముందే కాస్త థయోసల్ఫేట్ వేసి ఉంచాలి, అది క్లోరిన్‌ని విరిచేస్తుంది, లేకపోతే నీళ్లలో మిగిలున్న క్లోరిన్ బస్సులో ఆ మూడు గంటలూ తన పని తాను చేసుకుంటూ పోతుంది, ల్యాబ్‌కి చేరేసరికి బతికున్న బ్యాక్టీరియా ఉండదు. అంటే మనం ఊరి నీళ్లని కాదు, మన సీసాలో శుద్ధి అయిన నీళ్లని పరీక్షించామన్నమాట. మరి హెచ్‌టూఎస్ సీసా ఎందుకు మోసపోలేదు? దాని మందులోనే థయోసల్ఫేట్ ఒక దినుసు. చౌక సీసా తెలియకుండానే మా తప్పుని దిద్దింది. ఈ ముక్క ఆ అమ్మాయి తనంతట తానే, మందు తయారీ ఫార్ములా చూసి పట్టుకుంది. ఆ రోజు నుంచి తను మారింది, ఇంకోలా చెప్పడం నాకు రాదు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది, బిందెల్లో మూడు గంటల తర్వాత కూడా పనిచేసేంత క్లోరిన్ ఎలా ఉంది? ఈ ఊళ్లో ఎండింగ్ నల్లాలకి అంత రాకూడదు. ఆ జవాబు నీళ్లొదిలే ఆయన చెప్పాడు, నవ్వుతూ. "మీరొస్తున్రని సర్పంచ్ చెప్పిండు మేడం, రాత్రే రెండు డబ్బాలు ఎక్కువ ఏసిన."

దేన్ని వదిలేశాం, ఎందుకు

ఇక్కడ కూర్చుని లెక్క వేశాం, డాక్టర్ గారు, నేను, ఆ అమ్మాయి, ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్న ఒక ఎంబీబీఎస్ రెండో ఏడాది అబ్బాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో గత రెండు వారాల్లో విరేచనాలైనవాళ్లు దేశం మొత్తమ్మీద 7.3 శాతం అని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మేం తిరగ్గలిగిన ఇళ్లలో అలాంటి పిల్లలు ఇరవై మంది లోపే. అంటే ఒకటో రెండో కేసులు. ఆ ఒకటీ రెండుతో నీళ్లకీ జబ్బుకీ సంబంధం ఉందని కానీ లేదని కానీ ఎవరూ చెప్పలేరు, మెషీన్ లెర్నింగ్ అసలే చెప్పలేదు. పైగా విరేచనాలకి నీళ్లొక్కటే దారి కాదు, చేతులున్నాయి, ఈగలున్నాయి, పాలసీసా ఉంది. వందల ఇళ్లు, ఏడాది పొడవునా తిరిగే టీమ్ ఉంటే అది వేరే కథ. బీటెక్ బ్యాచ్‌కి ఉన్నది ఒక సెమిస్టర్, నాలుగు బస్ పాసులు.

అందుకని జబ్బు కొలత తీసేశాం. ఆ అమ్మాయికి ఇది మింగుడుపడలేదు, "మరి పబ్లిక్ హెల్త్ ఎక్కడుంది మేడం ఇందులో?" అని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. డాక్టర్ గారు చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది, జబ్బు దాకా పోయే దారిలో మధ్య మెట్టుని సరిగ్గా కొలిచినవాడు కూడా మా పనే చేస్తున్నాడమ్మా అంది. కొత్త ప్రశ్న ఇంతే: ట్యాంకు దగ్గర వేసిన క్లోరిన్ ఎంత దూరం, ఎంతసేపు నిలుస్తోంది, క్లోరిన్ అయిపోయిన చోట పట్టిన నీళ్లు హెచ్‌టూఎస్ సీసాలో నల్లబడుతున్నాయా. దీనికి దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 10500 ప్రకారం మిగులు క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు, ఏ 100 మిల్లీలీటర్లలోనూ మలం చేరిందని చెప్పే ఈ.కోలై బ్యాక్టీరియా కనపడకూడదు. ఇళ్లలో అడిగేది నీళ్లు ఎలా దాచుకుంటారు, ఎన్ని రోజులకోసారి క్యాన్ కడుగుతారు, అంతవరకే, అది కూడా మెడికల్ కాలేజీ కమిటీ ఒప్పుకున్నాక. కమిటీకి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ వేస్ట్ అని బ్యాచ్‌లో గొడవ, కానీ నిజానికి ల్యాబ్ పని అప్పుడే జరిగింది.

అందులో ఒకటి చెప్తాను. పంచాయతీ బ్లీచింగ్ పౌడర్ కొంచెం తెచ్చి, అందులో క్లోరిన్ ఎంతుందో తేల్చే అయోడిన్ టైట్రేషన్ చేయించా. కొత్త పౌడర్‌లో అందుబాటులో ఉండే క్లోరిన్ 33 శాతం దగ్గర ఉండాలి, గాలికి తేమకి ఎండకి అది రోజురోజుకీ పోతుంది. ట్యాంకు కింద మూతి విప్పి పడున్న బస్తాలోంచి వచ్చిన ఆ పౌడర్‌లో 15 కూడా లేదు. ఇప్పుడు లెక్క చూడండి, 40 వేల లీటర్ల ట్యాంకుకి లీటరుకి 1 మిల్లీగ్రాము క్లోరిన్ రావాలంటే 40 గ్రాముల క్లోరిన్, 33 శాతం పౌడరైతే సుమారు 120 గ్రాములు. అదే 120 గ్రాములు ఈ పాత బస్తాలోంచి వేస్తే వచ్చేది 18 గ్రాముల లోపే, అంటే లీటరుకి అర మిల్లీగ్రాము కూడా కాదు, అందులోంచి ట్యాంకు గోడల పాచి తన వాటా తీసుకున్నాక పైపులోకి ఏం దిగుతుంది? నీళ్లొదిలే ఆయన కొలత ప్రకారమే వేస్తున్నాడు పాపం, కొలత కొత్త బస్తాది, పౌడర్ పాతది.

పని చేసింది

రెండోసారి వెళ్లేటప్పుడు సర్పంచ్‌కి కాకుండా నేరుగా నీళ్లొదిలే ఆయనకి చెప్పాం, ఏం చేస్తున్నామో దాచకుండా, మామూలుగా ఏది వేస్తే అదే వెయ్యమని. పిల్లలు ముందురోజు రాత్రే వెళ్లి అమ్మమ్మ ఇంట్లో పడుకున్నారు, ఎందుకంటే నీళ్లొచ్చేది పొద్దున ఐదున్నరకి, మేం మొదట వెళ్లింది పదకొండుకి, అప్పుడు మాకు దొరికినవి బిందె నీళ్లు, ట్యాంకు నీళ్లు, పైపులో నిలవున్న నీళ్లు, పారే నల్లా నీళ్లు మాత్రం కాదు. ఒకే లైను మీద పన్నెండు ఇళ్లు, నాలుగు ట్యాంకు దగ్గర, నాలుగు నడిమధ్య, నాలుగు చివర. ప్రతి ఇంట్లో నీళ్లు రాగానే ఒకసారి, పది నిమిషాలయ్యాక ఒకసారి, మర్నాడు బిందెలోంచి ఒకసారి. క్యాన్ ఉంటే క్యాన్‌లోంచి కూడా. సీసాల మీద ఇంటి పేరు ఉండదు, కోడ్ ఉంటుంది, రంగు చూసి రాసేది ఎంబీబీఎస్ అబ్బాయి, ఏ కోడ్ ఏ ఇల్లో తనకి తెలీదు.

ప్రతిరోజూ ఒక ఖాళీ శాంపిల్ కూడా వెళ్లేది, స్టెరైల్ నీళ్లు పోసిన సీసా, ఊరికి తీసుకెళ్లి మూత తీసి పెట్టి తెచ్చేది. రెండో రోజు ఆ ఖాళీ సీసా నల్లబడింది. అంటే ఆ రోజు ఎక్కడో చేతుల్లోంచి మురికి చేరింది, ఏ సీసాలో చేరిందో ఎవరికీ తెలీదు. ఆ రోజు డేటా మొత్తం తీసేయమన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన పిల్లలు, ఎవరికైనా ఒళ్లు మండుతుంది, ఒకబ్బాయి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఖాళీ సీసా పెట్టేదే అందుకు కదా, నచ్చినప్పుడు నమ్మి నచ్చనప్పుడు పారేస్తే అది ఎందుకు మోసుకెళ్లడం.

ఏం తేలిందంటే, ట్యాంకు దగ్గరి ఇళ్లలో క్లోరిన్ 0.2 అటూఇటూ, మధ్యలో జాడ మాత్రం, చివర సున్నా. ఇది ఊహించిందే. ఊహించనివి రెండు. ఒకటి, చివరి ఇళ్లలో నీళ్లు రాగానే పట్టిన సీసాలు నల్లబడ్డాయి, పది నిమిషాల తర్వాత పట్టినవి ఎక్కువ శాతం నల్లబడలేదు. ఆ అమ్మాయి ఫొటోలు చూపించింది. చివర ప్రెషర్ ఉండదు కాబట్టి అందరూ గుంత తవ్వి నల్లాని నేలకంటే కింద పెట్టుకున్నారు, మూత కూడా లేని పైపు, నీళ్లు ఆగిపోగానే గుంతలో నిలిచిన మురికి వెనక్కి పైపులోకి పోతుంది, మళ్లీ నీళ్లు వదలగానే మొదట వచ్చేది అదే. సిలబస్‌లో బ్యాక్ సైఫనేజ్ అని రెండు మార్కుల ప్రశ్న, పిల్లలందరూ రాసినదే, గుంత పక్కన నిలబడ్డప్పుడు ఒక్కరికీ గుర్తురాలేదు. నాకు కూడా ఫొటో చూశాకే.

రెండోది క్యాన్. ఎనిమిది ఇళ్లలో క్యాన్ ఉంది, ప్లాంటు కుళాయి దగ్గర పట్టిన నీళ్లు క్లీన్, ఇంట్లో క్యాన్‌లోంచి తీసిన నీళ్లు ఐదిళ్లలో నల్లబడ్డాయి, థయోసల్ఫేట్ వేసిన సీసాలతో ఎంపీఎన్ చేస్తే అవి కూడా అదే చెప్పాయి. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు, చెయ్యి ముంచినా చెంబు ముంచినా కాపాడేది ఏమీ లేదు, అవే నీళ్లు రెండు మూడు రోజులు. ఊళ్లో అందరూ మంచి నీళ్లు అనుకునేవి అవి. పన్నెండు ఇళ్లతో ఇది అన్ని ఊళ్లకీ వర్తిస్తుందని రాయొద్దన్నాను, రాయలేదు.

రిజల్ట్ ఎవరికి ముందు చెప్పాలన్నది ఇంకో నిర్ణయం. పంచాయతీలో పెడితే తప్పు మొత్తం నీళ్లొదిలే ఆయన నెత్తిన పడుతుంది, జీతం అంతంతమాత్రం. అందుకని ముందు ఆయనకే చూపించాం, టైట్రేషన్ రంగు మారడం ఆయన ముందే చేసి. పౌడర్‌ని మూతున్న డ్రమ్ములో పెట్టడం, పొడిగా చల్లకుండా బకెట్‌లో కలిపి తేరిన నీళ్లు మాత్రం పోయడం, సాయంత్రం కాకుండా ట్యాంకు నిండేటప్పుడే వేయడం, ఈ మూడూ ఆయనే పంచాయతీలో చెప్పాడు, కొత్త బస్తా కూడా ఆయనే అడిగి తెప్పించుకున్నాడు. తర్వాత వెళ్లినప్పుడు చివరి ఇళ్లలో కూడా కొన్ని రోజులు 0.2 కనపడింది, కొన్ని రోజులు లేదు.

ఎంబీబీఎస్ అబ్బాయికి స్టూడెంట్‌షిప్ ఈ పని మీద రాలేదు, మరుసటేడు వేరే దాని మీద వచ్చింది. అమ్మాయి అప్లికేషన్‌లో మొదటి డ్రాఫ్ట్‌లో ఊరి విరేచనాలకి కారణం కనిపెట్టానని రాసుకుంది, ఇన్ని జరిగాక కూడా! రెండో డ్రాఫ్ట్‌లో నల్లబడ్డ ఖాళీ సీసా గురించి ఒక పేరా రాసింది, అది ఉంచమన్నా.

చివరింటి ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం మా దగ్గర ఉండిపోయింది. "ఇంతకీ క్యాన్ తాగాల్నా, నల్లా తాగాల్నా, ఏదో ఒకటి చెప్పు బిడ్డా" అంది. కాడ ఉన్న గరిటెతో తీసుకోమనీ, క్యాన్ కడగమనీ, నల్లా అయితే మొదటి పది నిమిషాల నీళ్లు బట్టలకి వాడమనీ చెప్పాం, కానీ ఆ గుంత ఉన్నంతకాలం అది సగం జవాబే. ప్రెషర్ పెరగందే గుంత పూడ్చుకోరు, పూడ్చుకుంటే వాళ్లకి నీళ్లే రావు. ఈ ఏడాది బ్యాచ్‌కి ఆ గుంతలే ఇచ్చాను. టైటిల్ ఇంకా పెట్టలేదు, పోయిన వారం వెళ్లి ఒక్కో నల్లా నేలకి ఎన్ని అంగుళాల కింద ఉందో టేపు పెట్టి కొలుచుకొచ్చారు.